చూసినందుకే పడిన పచ్చగుర్తు

నన్ను నమ్మడానికి మా జేజికి పదకొండు నిమిషాలు పట్టింది. మస్కట్ విమానాశ్రయంలో బయటికి వచ్చి, "జేజీ" అంటూ పరుగెత్తుకుని పోతే, ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, చేతిసంచి గుండెలకు హత్తుకుంది.

"ఉండు ఉండు. మీ యమ్మ చిన్నప్పుడు ఎవురి బాయిలో పడింది?"

చెప్పాను.

"ఆ బాయి కాడ కట్టేసిన మేక పేరేంది?"

"మేకకు పేరు యాడుంటుంది జేజీ?"

అప్పుడు ముఖం విప్పారింది. పొరపాటున ఏదో ఒక పేరు చెప్పి ఉంటే నన్ను తిరుగు విమానం ఎక్కించేదేమో. వారానికి రెండుసార్లు వీడియోలో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అంటే, "వీడియోలో ఎవురైనా కనపడొచ్చు" అంది. ఆ మాట విని టాక్సీలో దారంతా నవ్వాను. జేజి మాత్రం నవ్వలేదు. డ్రైవరుకు నాన్న పేరు, తాత పేరు, వాళ్ల ఊరి మసీదు పేరు అడుగుతూ కూచుంది.

మా జేజి పేరు జైనబీ. సొంతూరు ప్రొద్దుటూరు. మస్కట్‌లోనే మత్రా అనే పేటలో, ఓడరేవు వెనక వీధిలో ఒక ఒమానీ ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా వంట చేస్తోంది. ఆ ఇంటి ఆడమనిషిని మామా అనీ, మగమనిషిని బాబా అనీ పిలుస్తుంది. బాబాకు ముప్పై రెండేళ్లు, జేజికి అరవై ఒకటి. చిన్నప్పుడు అతని ముక్కు తుడిచింది ఈమే. అయినా అతను బాబానే. పాల సీసా మూత విప్పి వాసన చూడనిదే ఆ ఇంట్లో టీ కాగదు. లిఫ్టు వస్తే ముందు ఇంకొకరు ఎక్కాలి. ఫోను కెమెరా మీద గాయానికి వేసే పట్టీ ముక్క ఎప్పుడూ అతికించి ఉంటుంది. వీడియో మాట్లాడేటప్పుడు పీకుతుంది, అయిపోగానే మళ్లీ అతికిస్తుంది.

ఇదంతా పుట్టుకతో వచ్చిన జబ్బు అనుకునేదాన్ని. కాదని గులాం నబీ చిన్నాయన చెప్పాడు. ఆయనది రాయచోటి. మత్రా సూక్‌ అనే పాత బజారులో బట్టల దుకాణం. జేజి ఒమాన్ వచ్చిన మూడో ఏట మొదటిసారి సెలవు మీద ఇంటికి బయలుదేరిందట. పక్కింట్లో పనిచేసే పులివెందుల ఇక్బాలున్నీసా కూడా అదే విమానానికి. బయలుదేరే ముందు ఒక మర్యాదస్తుడు వచ్చి, మా అమ్మకు కాస్త ఈ దిండు అందించండి తల్లీ అన్నాడు. ముందు జేజినే అడిగాడు. జేజి సంచిలో ఖర్జూరాలు కిక్కిరిసి ఉన్నాయి, చోటు లేదంది. ఇక్బాలున్నీసా తీసుకుంది. విమానాశ్రయంలో ఆ దిండును కోస్తుంటే వరుసలో సరిగ్గా వెనక నిలబడి ఉంది మా జేజి. దూదిలోంచి ఏం బయటపడిందో ఇప్పటికీ చెప్పదు. ఇక్బాలున్నీసా ఇంటికి చేరడానికి రెండేళ్ల మీద నాలుగు నెలలు పట్టింది. చేరేసరికి ఆమె కొడుకు ఆమెను గుర్తుపట్టలేదు.

"ఖర్జూరాలు గిన అరకిలో తక్కవ కొనింటే నేనూ పొయ్యింటా జైలుకు" అని జేజి ఒకే ఒక్కసారి నాతో అంది. ఆ తర్వాత మళ్లీ అడిగితే చీపురు తీసుకుంది.

ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే కడప, గోదావరి ఆడవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఊరికి పోతున్నా మిగతావాళ్లు తలా ఒక పొట్లం ఇస్తారు. పిల్లకు గౌను, అమ్మకు నొప్పుల నూనె, మనవడికి పాలపొడి. కాదంటే రేపు మనం పంపాల్సినప్పుడు ఎవరూ తీసుకోరు. అందుకని జేజి ఒక ఏర్పాటు చేసింది. శుక్రవారం పొద్దున గులాం నబీ దుకాణం వెనక గదిలో చాప వేసి కూచుంటుంది. ఊరికి పోవాల్సిన ప్రతి పొట్లం అక్కడికి రావాలి. కుట్టినవి విప్పుతుంది. పచ్చడి సీసాలో అల్లిక సూది దించి తిప్పుతుంది. పళ్ల పేస్టు వేళ్లతో నొక్కుతుంది. ఎవరైనా "నన్నే అనుమానిస్తావా?" అంటే, "నిన్ను కాదు మే, నీ మూటను" అంటుంది.

నేను వచ్చాక ఆ ఏర్పాటుకు కొత్త రూపం ఇచ్చాను. ప్రొద్దుటూరులో కంప్యూటర్ డిప్లొమా ఒకటిన్నరేళ్లు చదివి ఆపేసి, ఇక్కడ ఆడవాళ్ల దర్జీ దుకాణంలో గుండీలు కుడుతున్నదాన్ని. చదివిన ఆ సగం చదువు ఊరికే పోనివ్వడం ఎందుకని 'ఊరి మూట' అని ఒక వెబ్ పేజీ తయారు చేశాను. ఊరికి పోయేవాళ్లు తేదీ రాస్తారు, సంచిలో ఎన్ని కిలోల చోటుందో రాస్తారు. పంపేవాళ్లు తమ పొట్లం గురించి రాస్తే దానికొక నంబరు పడుతుంది. జేజి విప్పి చూసిన పొట్లానికి తన ఫోనులోంచి ఒక నొక్కు నొక్కితే, దాని పక్కన పచ్చగుర్తు పడుతుంది. కింద 'విప్పి చూసినాం' అని వస్తుంది. ఆ నొక్కే అధికారం జేజి ఒక్కదానికే. నిజ్వాలో, షినాస్‌లో ఉండేవాళ్లు ప్రతి శుక్రవారం మత్రా రాలేరు కాబట్టి ఆ గుర్తు చూసి ధైర్యంగా ఉండేవాళ్లు. అద్దెకు మంచం ఖాళీ, పని ఖాళీ లాంటి ప్రకటనలు కూడా ఎవరైనా రాసుకోవచ్చు. మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టలేనని జేజి గొణిగితే, ఆమె ఫోనులో ఆ పేజీ ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉండేలా పెట్టాను.

మొదటి రోజే జేజి అడిగింది. "ఎవుడుబడితే వాడు రాయొచ్చంటివే. రాసేదాన్ని ఎవురు విప్పి చూస్తారు?"

"రాతలో విప్పేదానికి ఏముంటుంది జేజీ? అక్షరాలే కదా."

ఆ జవాబు విని జేజి సరేనని తల ఊపింది. జీవితంలో ఆమె నన్ను నమ్మిన రెండో సందర్భం అది.

పోయిన ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, పొద్దున పదిగంటలకు శ్రీలక్ష్మి నిజ్వా బస్సు దిగి, రెండు పెట్టెలతో నేరుగా దుకాణానికి వచ్చింది. ఆమెది రాజోలు దగ్గర. మూడేళ్ల తర్వాత నలభై రోజుల సెలవు దొరికింది. విమానం ఆ సాయంత్రమే. జేజి ఇవ్వాల్సిన పొట్లం తీసుకుని పోదామని ఆగింది.

"ఆ పాలపొడి డబ్బా కూడా సర్దేశానండి మామ్మగారూ. నిన్న టాక్సీ ఆయన తెచ్చి ఇచ్చాడు" అంది, పెట్టె మీద చెయ్యి వేసి.

సూదికి దారం ఎక్కిస్తున్న జేజి తల ఎత్తింది. "ఏ పాలపొడి?"

"అదేంటండీ, మీరు చూసిందేగా. నలభై ఒకటో నంబరు. ఓబులేసు అనే ఆయన పంపాడు. మీ పచ్చగుర్తు చూసే తీసుకున్నానండి."

"నేను పాలపొడి డబ్బా చూసి రెండు నెలలాయ. పెట్టె తెరువు."

"బస్సులో కూచుని వచ్చానండి, అన్నీ సర్ది..."

"తెరువు పాపా."

డబ్బా బయటికి వచ్చింది. కొత్తది, రేకు మూత బిగించి ఉంది. జేజి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తిరగేసి అడుగు అంచును గోటితో గీకింది. గోటికి జిగురు అంటింది. గులాం నబీ బట్టలు కత్తిరించే కత్తెర మొనతో అడుగు రేకు లేపితే నాలుగు వేళ్ల మందం పాలపొడి చాప మీద కారింది. దాని తర్వాత ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మాత్రలు. వందలు ఉంటాయి. పేరు లేదు, ముద్ర లేదు.

చిన్నాయన లేచి పోయి దుకాణం తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మీ గుర్తు ఉందండీ దాని మీద" అంది శ్రీలక్ష్మి. "నేను సాయంత్రం దాంతో విమానం ఎక్కేదాన్ని. మీ గుర్తు చూసి ఎక్కేదాన్ని."

"నేను వెయ్యల్యా."

"మరి ఎవరేశారండీ? దానంతటదే పడుద్దా?"

జేజి నా వైపు తిరిగింది. "నా పాస్‌వర్డ్ ఎవురికి తెల్సు?"

"నీకూ, నాకూ."

"నేను వెయ్యల్యా. అంటే?"

ఒట్టు, ఆ చూపును మర్చిపోలేను. పళ్ల పేస్టును నొక్కి చూసే చూపు అది. నవ్వులాటకు ఏదో ఒకటి అనడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం గులాం నబీ మీద విరుచుకుపడ్డాను. "ప్రతి శుక్రవారం జేజి ఫోను చిన్నాయన గల్లాపెట్టె పక్కనే కదా చార్జింగులో పెడతాది?"

"యా అల్లా! నా దుకాణంలో కూచొని నన్నే అంటావా పిల్లా?" అన్నాడాయన. "వినండి. ఇదంతా వద్దు. ఒక సంచిలో కట్టి సముద్రంలో పారేద్దాం. ఆ పాప ఊరికి పోతాది. మనం నోరు మూసుకుందాం."

"పారేస్తే నలభై రెండో నంబరు వస్తాది" అంది జేజి. "పోలీసుల కాడికి పోదాం. బాబాను పిలుస్తా."

"పోయి ఏం చెప్తావు జైనబమ్మా? చూడలేదంటావా? నువ్వు చూసినావని మీ పిల్ల పేజీలో రాసుండాది. పంపినోడు దొరకడు. దొరికేది నువ్వు."

అది నిజం. ఓబులేసు పేరు కింద ఉన్న నంబరుకు నేను మూడుసార్లు ఫోను చేశాను. స్విచాఫ్. ఆ డబ్బాకు జవాబు చెప్పాల్సిన మనిషిగా పేజీ మీద మిగిలిన పేరు జైనబీ ఒక్కటే. శ్రీలక్ష్మి తన చేతిసంచిని మెల్లగా జేజి పక్కనుంచి తన ఒడిలోకి తీసుకుంది. అది జేజి చూసింది. ఇరవై ఏళ్లకు పైగా అందరి సంచులనూ అనుమానించిన మనిషి, తన దగ్గరి నుంచి సంచి జరపడం మొదటిసారి చూసింది. సూదికి దారం ఎక్కించబోయి, ఎక్కక, పక్కన పెట్టేసింది.

నేను దుకాణంలోని కంప్యూటరు ముందు కూచున్నాను. ప్రతి గుర్తూ ఎప్పుడు పడిందో పేజీ వెనకాల నమోదవుతుంది. నలభై ఒకటో నంబరుకు బుధవారం పొద్దున పది గంటల పదిహేడు నిమిషాలకు పడింది. జేజి ఫోనులోంచే, జేజి లాగిన్‌తోనే.

"బుధవారం పదింటప్పుడు ఏం చేస్తాండావు జేజీ?"

"చేప కడుగుతాండా."

"ఫోను?"

"గూట్లో ఉండె. ఒకతూరి చెయ్యి తుడుచుకొని మీ పేజీ తెరిచి చూసినా. కొత్తగా ఏమొచ్చిందా అని. చూసినా, అంతే. యాడా నొక్కలే."

"చూస్తేనే పడుద్దేంటండీ గుర్తు?" అంది శ్రీలక్ష్మి.

నేనూ అదే అనుకున్నాను. ముసలామె తడిచేత్తో ఎక్కడో తాకి ఉంటుంది, ఒప్పుకోవడం లేదు అనుకున్నాను. కానీ తాకితే ఆ ఒక్క డబ్బాకే ఎలా పడింది? ఆ గంటకు ముందు పేజీలో కొత్తగా వచ్చినవేమిటో చూశాను. పొట్లాలు రెండు, ప్రకటన ఒకటి. 'రూవీలో మంచం ఖాళీ. ఆడవాళ్లకు మాత్రమే. వంటకు వీలుంది.' మామూలు ప్రకటన. రాసినవాడి పేరు లేదు.

పేజీ లోపలి రూపం, అంటే బ్రౌజరు చదువుకునే అసలు రాత తెరిచి చూశాను. పైకి ఒక్క వరుసగా కనబడే ఆ ప్రకటన లోపల ఏడు వరుసలుగా ఉంది. మొదటి వరుసలో మంచం, వంట. తర్వాత బాణపు మొనల్లాంటి గుర్తుల మధ్య బ్రౌజరుకు ఇచ్చిన ఆజ్ఞలు. నాకు వచ్చిన అరకొర చదువుతో చదివినా అర్థమైంది. ఈ పేజీని ఎవరు తెరిస్తే వాళ్ల పేరుతో నలభై ఒకటో నంబరుకు గుర్తు వెయ్యి. అంతే ఉంది అందులో.

ఆ ప్రకటనను రెండు రోజుల్లో నూటముప్పై మంది చూశారు. వాళ్లందరి ఫోనుల్లోనూ ఆ ఆజ్ఞ నడిచింది. గుర్తు వేసే అధికారం వాళ్లకు లేదు కాబట్టి ఏమీ జరగలేదు. అది అందరి ఫోనుల్లో తలుపు కొడుతూ జేజి కోసం కాచుకుని ఉంది. బుధవారం చేప కడుగుతూ ఆమె వచ్చి తెరిచింది.

"జేజీ, నువ్వు నొక్కలే" అన్నాను. "నిజంగానే చూసినావు, అంతే."

"ఆ మాట నేను చెప్తానే ఉండా కదా."

"మనవరాలు కదండీ, అలాగే అంటాది" అంది శ్రీలక్ష్మి. తప్పు పట్టలేను.

అందుకని చేసి చూపించాను. దుకాణం కంప్యూటరులోంచి, పేరు లేకుండా, కొత్త ప్రకటన ఒకటి రాశాను. 'అమ్మకానికి కుట్టుమిషను' అని పైకి, లోపల రెండు వరుసల ఆజ్ఞ. జేజిని తన ఫోనులో పేజీ తెరవమన్నాను. తెరిచీ తెరవగానే తెర మధ్యలో ఒక పెట్టె లేచింది. 'నీ కళ్లద్దాలు తల మీద ఉన్నాయి' అని. జేజి తల తడుముకుంది. ఉన్నాయి. ఫోనును చాప మీదికి విసిరేసింది.

"ఎవుడే అది? యాడ నుంచి చూస్తాండాడు?"

"నేనే జేజీ. అమ్మకం ప్రకటనలో రాసినా. నీ ఫోను దాన్ని చదవకుండా, చెప్పినట్టు చేసింది."

తర్వాత నలభై నాలుగో నంబరు అని ఒక ఉత్తుత్తి పొట్లం పెట్టి, దానికి గుర్తు వెయ్యమని మరో ప్రకటన రాశాను. ఈసారి జేజిని చేతులు వెనక్కి కట్టుకోమన్నాను. ఆమె ఫోనును బట్టల తాను మీద పెట్టి, శ్రీలక్ష్మినే వేలితో పేజీ తెరవమన్నాను. ఆమె తెరిచి, చెయ్యి తీసేసి చూసింది. నలభై నాలుగు పక్కన పచ్చగుర్తు పడింది. కింద 'విప్పి చూసినాం.'

"అమ్మ బాబోయ్" అంది.

జేజి వంగి ఆ గుర్తును చూసింది. తర్వాత మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది.

"నేనొచ్చిన కొత్తల్లో చదువు రానోళ్లందరికీ ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. ఉత్తరంలో 'పెట్టె తాళం తియ్యి' అని రాసుంటే, రాసుండాదని చదువుతా. లేచిపోయి తాళం తీస్తానా? మీ పేజీ లేచిపోయి తాళం తీసింది. అదీ నా చేత్తో."

దానికి క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అని పేరట. తర్వాత చదివి తెలుసుకున్నాను. చదివిన వాటిలో ఏదీ జేజి చెప్పినంత తేటగా లేదు. బయటివాడు రాసిన మాట మన పేజీలో కూచుని మన మాటలాగా చెల్లుతుంది. ఫోనుకు తేడా తెలియదు. మన పేజీలోంచి వచ్చింది కాబట్టి మనదే అనుకుంటుంది.

"దీన్ని ఆపేదానికి ఏం చెయ్యాల?" అని జేజి అడిగింది.

"ఎవురేం రాసినా చూపించే ముందు ఆ బాణం గుర్తులను ఉత్త అక్షరాలుగా మార్చేయాల. అప్పుడు ఆజ్ఞ కూడా చదివేదానికి కనపడతాది, నడవదు. పేజీలో రాత చూపించే ప్రతి చోటా ఒక్కో వరుస చాలు."

"ఒక్క వరుసా?"

"ఆ."

"ఒక్క వరుస నువ్వు రాయనందుకు ఈ బిడ్డ జైలుకు పోతాండె."

వెక్కిరించడానికి ఆ రోజంతా నాకు ఇంకేమీ దొరకలేదు.

జేజి ఫోను చేస్తే బాబా వచ్చాడు. డబ్బాను, ఫోనును, మమ్మల్నందరినీ కారులో ఎక్కించుకుని పోలీసు స్టేషనుకు తీసుకుపోయాడు. అక్కడి కుర్ర అధికారికి అదే పనిని మూడోసారి చేసి చూపించాను. అతను రెండుసార్లు మళ్లీ చేయించి, పేజీని ఇప్పుడే సరిచేయొద్దు, మా వాళ్లు నకలు తీసుకోవాలి అన్నాడు. జేజిని గంటసేపు అడిగారు. అడిగినవాళ్లను జేజి తిరిగి ఎన్ని ప్రశ్నలు అడిగిందో బాబాకే తెలుసు, జేజి చేతుల్లో పెరిగి మన మాట నేర్చిన అతనే తర్జుమా చేశాడు. శ్రీలక్ష్మి వాంగ్మూలం పూర్తి కాలేదని విమానం ఎక్కనివ్వలేదు. టికెట్టు మంగళవారానికి మారింది. ఆ నాలుగు రోజులూ శ్రీలక్ష్మి మా జేజి గదిలోనే ఉంది. మొదటి రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. రెండో రోజు జేజి చేసిన రాగిసంకటి తింది, ముందు జేజి ఒక ముద్ద తిన్నాకే.

సోమవారం ఫోను తిరిగి ఇచ్చారు. పేజీని సరిచేసుకోవచ్చన్నారు. ఓబులేసు అనేవాడు ఆ చిరునామాలో లేడు, ఆ పేరు కూడా నిజమో కాదో తెలియదు. టాక్సీ డ్రైవరుకు డబ్బా ఇచ్చిన మనిషి ముఖానికి గుడ్డ కట్టుకుని ఉన్నాడట.

"గుర్తు నేనొక్కదాన్నే వేస్తానని వానికి తెల్సు" అంది జేజి ఆ సాయంత్రం. "ఆ చాప మీద కూచొని మన టీ తాగినోడో, తాగిందో అయ్యుంటాది."

శుక్రవారాలు వచ్చిపోయే ముఖాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాం. ఎవరి ముఖం తలుచుకున్నా నమ్మకంగానూ ఉంది, అనుమానంగానూ ఉంది.

నేను ఆ ఒక్క వరుసను చేర్చాల్సిన చోటల్లా చేర్చాను. ఇకమీదట గుర్తు వేసేటప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా కూడా మార్చాను. గర్వంగా జేజికి చూపించాను.

"బాగుండాది. ఇంక ఆ గుర్తును తీసేయ్."

"జేజీ! సరిచేసినా కదా. ఇంక ఎవురూ ఏం చేయలేరు."

"ఇది చేయలేరు. ఇంకోటి చేస్తారు. తప్పు నీ పేజీలోనే కాదే. నా గుర్తు చూసి ఆ బిడ్డ తన కళ్లను మూసుకునింది. ఎవురి సంచి వాళ్లే విప్పి చూసుకోవాల. రాయి ఆ మాట, పెద్ద అక్షరాల్లో."

రాశాను. పచ్చగుర్తు తీసేశాను.

మంగళవారం పొద్దున శ్రీలక్ష్మి పెట్టెలు మళ్లీ సర్దింది. జేజి తన పొట్లం తెచ్చి ఇచ్చింది. గోనెగుడ్డలో గట్టిగా కుట్టి ఉంది. పైన ప్రొద్దుటూరులో ఉండే మా తాత పేరు. శ్రీలక్ష్మి దాన్ని పెట్టెలో పెట్టలేదు. చాప మీద పెట్టి, సంకోచంగా, "కత్తెర ఉందాండీ మామ్మగారూ?" అంది.

జేజి ముఖం ఎర్రబడింది. "నాదే కదమ్మా అది."

"మీ మీద కాదండి. మూట మీద."

నేను నోరు నొక్కుకున్నాను. జేజి నన్ను ఒక చూపు చూసి, కత్తెర ఇచ్చింది. శ్రీలక్ష్మి కుట్లు విప్పింది. మందులు, బనియన్లు రెండు, ఖర్జూరాలు, వాటి కింద నల్ల జుట్టు రంగు పొట్లాలు డజను.

"ఇవెవరికండీ?"

"మీసానికి" అంది జేజి గోడను చూస్తూ. "ముసలాయనకు. నల్లగా ఉంటే బాగుంటాదని నేనే పంపుతా."

నా నవ్వు ఆగలేదు. పద్దెనిమిదేళ్లుగా తాత సొంతంగా సోకు చేసుకుంటున్నాడని ఇంటిల్లిపాదీ ఆయన్ను ఏడిపిస్తున్నాం. శ్రీలక్ష్మి నవ్వలేదు. ఒక్కో పొట్లం చించి, వాసన చూసి, పొడిని వేళ్ల మధ్య నలిపి, పన్నెండూ చూసింది. బనియన్ల మడతలు విప్పింది. ఖర్జూరాలను ఒక్కొక్కటి నొక్కింది. మందుల చీటీ చదివింది. టాక్సీ వాడు కింద హారన్ కొడుతూనే ఉన్నాడు.

"రెండో బనియన్ను సరిగ్గా చూడలే నువ్వు" అంది జేజి. "అంచు కాడ మళ్లా చూడు."

శ్రీలక్ష్మి మళ్లీ చూసింది. తర్వాత అన్నింటినీ తన చేత్తోనే సర్ది, తన సూదితోనే కుట్టుకుని, పెట్టె మూసింది.